సారక్కకు వచ్చిన పెట్టె

ఈ కొలువులో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు తటపటాయించి, అందరూ ఒకటే అడుగుతారు: "అమ్మా, అనాథ పిల్లలకు తల్లి ప్రేమ ఎట్ల ఇయ్యాలె?" నాకు ఒళ్ళు మండుతుంది. ప్రేమ సంగతి నన్నడగకండి, పేన్ల దువ్వెన సంగతి అడగండి చెబుతాను అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను.

కరీంనగర్‌లోని ఒక అనాథ శరణాలయంలో నేను మేట్రన్‌గా పనిచేశాను. నైజాం పాలన పోయి హైదరాబాద్ స్టేట్ నడుస్తున్న రోజుల్లో సహాయకురాలిగా చేరి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక మేట్రన్‌నయ్యాను. జీతం ఎంత పెరిగిందో, ఎవరు సన్మానం చేశారో మీకు అక్కర్లేదు. ఈ పనిలో ఏది పిల్లను నిలబెడుతుందో, ఏది పడగొడుతుందో అది చెబుతాను. పడగొట్టేవాళ్ళు రాక్షసుల్లా ఉంటారని మాత్రం అనుకోకండి. మంచి ధోవతి కట్టుకుని, పిల్లల తల నిమిరి, గ్రూప్ ఫోటోలో మధ్య కుర్చీలో కూర్చునేవాళ్ళు కూడా ఆ పని చేయగలరు.

దాతలు పంపేవి, పిల్లలకు కావలసినవి

మా శరణాలయానికి ఊరివాళ్ళూ ఇచ్చేవాళ్ళు, దూరదేశాల నుంచీ పార్సిళ్ళు వచ్చేవి. కరీంనగర్ ఎండల్లో మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని మేజోళ్ళు వచ్చాయొకసారి. పిల్లలు వాటిలో ఇసుక నింపి కొట్టుకుని ఆడారు. ఇంకోసారి డబ్బాల్లో ఏదో పసుపు ముద్ద వచ్చింది. సబ్బనుకుని పిల్లలు ఒంటికి రుద్దుకున్నారు. అది జున్నులాంటి తిండి వస్తువట. ఊళ్ళో ఒక సావుకారు తన తండ్రి సంవత్సరీకానికి కడుపు పగిలేలా లడ్డూలు పెట్టించేవాడు. మర్నాడంతా పిల్లలను పాయఖానాకు తిప్పడంతోనే మాకు సరిపోయేది. ఆయన పేరు మాత్రం గోడమీద పాలరాతి పలకపై ఉండేది.

పిల్లలకు నిజంగా కావలసినవి ఎవరూ పంపరు. సన్నపళ్ళ దువ్వెనలు, గజ్జి మందు, గోళ్ళు తీసే కత్తెర, కోరా గుడ్డ, లోపల తొడుక్కునే బట్టలు. ఇవి ఇస్తే ఫోటో బాగా రాదు కాబోలు.

ఇంకోటి కూడా కావాలి. తనదంటూ ఒక వస్తువు. మా దగ్గర ఏ పిల్లకూ సొంత బట్ట ఉండేది కాదు. ఉతికినవన్నీ హాల్లో కుప్ప పోసేవాళ్ళు, ఎవరి ఒంటికి పట్టింది వాళ్ళు తొడుక్కోవాలి. నిన్న నీ ఒంటిమీదున్న గౌను ఇవాళ ఇంకో పిల్ల మీద తిరుగుతుంటుంది. నాకు పని నేర్పిన పాత మేట్రన్, మేమంతా ఆపా అని పిలిచే ముసలావిడ, దీనికొక ఉపాయం చేసింది. ప్రతి లంగాకూ లోపలి వైపు చిన్న జేబు కుట్టించింది. "బిడ్డకు ఏం లేకున్నా ఒక జేబుండాలె. దాంట్ల ఏం ఉన్నదని మనం అడగొద్దు," అనేది. పిల్లలు వాటిలో చింతగింజలు, గాజుముక్కలు, అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునేవాళ్ళు. ఆపా వెళ్ళిపోయిన ఏడాదే మా సెక్రటరీ వకీల్ సాబ్ వచ్చి, జేబులుంటే దొంగతనం అలవాటవుతుందని అన్నిటినీ కుట్టేయించాడు. దర్జీకి కూలిచ్చి మరీ మూయించాడు. ఆ రోజే నాకు ఆయన అర్థం కావలసింది.

సారక్క

సారక్క మందమర్రి పిల్ల. తండ్రి బొగ్గుబావిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆర్నెల్లు తిరక్కుండా తల్లిని జ్వరం తీసుకుపోయింది. తండ్రి తమ్ముడు, అతనూ బావి కార్మికుడే, నలుగురు పిల్లలతో ఒంటి గది క్వార్టర్‌లో ఉండేవాడు. ఐదేళ్ళ పిల్లను భుజాన ఎత్తుకొచ్చి మా గేటు దగ్గర దించి, "నాకు చాతగాకనే తెచ్చిన్నమ్మా. మనసొప్పి తేలే," అన్నాడు. అట్లా నిజం చెప్పేవాళ్ళు తక్కువ. చాలామంది దారిలో దొరికింది అని చెప్పి పోతారు.

పిల్ల ఏడ్చే రకం కాదు. ఎవరు వచ్చినా ఎదురుగా నిలబడి, "నువ్వు ఉంటవా, పోతవా?" అని అడిగేది. పోతానంటే ఇంక వాళ్ళ వైపు చూసేది కాదు. తండ్రి మొహం ఆమెకు గుర్తులేదు. కంపెనీ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి బాబాయి ఇంట్లో గోడకు పెట్టారు. దానికి బొట్టు పెట్టి పూలదండ వేశారు. "మా బాపు ఫటువల ఉంటడు," అని చెప్పేది.

మా జిల్లాలో కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసి వెళ్ళిన ఒక నర్సు ద్వారా స్వీడన్ దేశపు దంపతులకు సారక్క సంగతి తెలిసింది. భార్య పేరు ఇంగ్రిడ్. పిల్లలు లేరు. సారక్కను పెంచుకుంటామని రాశారు. మన దేశంలో అప్పుడది అరుదు. కోర్టు వాళ్ళను సంరక్షకులుగా ఒప్పుకోవాలి, బతికున్న బంధువు వచ్చి వేలిముద్ర వేయాలి. కాగితాల పని వకీల్ సాబ్ తీసుకున్నాడు. వచ్చేముందు పిల్లకూ, శరణాలయానికీ ఒక పెట్టె పంపాలనుకుంటున్నాం, ఏమి పెట్టమంటారు అని ఇంగ్రిడ్ నాకు రాసింది. నా ఉద్యోగంలో ఆ మాట అడిగిన దాత ఆమె ఒక్కతే.

పెట్టెలో ఏం పెట్టాలి

రెండు రోజులు ఆలోచించి, మిషన్ స్కూలు టీచరమ్మతో ఇంగ్లీషు దిద్దించి, జవాబు రాశాను. పిల్లలందరికీ ఒకే రకం దువ్వెనలు పంపండి, రంగు కూడా తేడా ఉండొద్దు, తేడా ఉంటే జుట్లు పట్టుకుంటారు. సబ్బు, మందు, గుడ్డ పంపండి. మిఠాయి వద్దు. సారక్కకు వేరుగా బొమ్మలూ గౌన్లూ పంపకండి, మిగతావాళ్ళు ఆమెను బతకనివ్వరు. ఆమెకు ఒకటే పంపండి, మీ ఇద్దరి ఫోటో, అరచేతిలో పట్టేంత. మొహాలు స్పష్టంగా కనబడాలి. వచ్చేటప్పుడు ఆ ఫోటోలో వేసుకున్న బట్టలే వేసుకుని రండి. పిల్లలు మొహం కంటే ముందు బట్టల్ని గుర్తుపడతారు.

ఇది నా అనుభవంలో తేలిన సంగతే. ఇప్పటికీ ఇదే చెబుతాను. కొత్త మనిషిని ఒక్కసారిగా తెచ్చి ఇదిగో మీ అమ్మ అంటే ఏ పిల్లకూ మింగుడుపడదు. ముందు ఆ మొహం తన చేతిలో ఉండాలి, అన్నం తినేటప్పుడు చూసుకోవాలి, అలిగి పారేయాలి, మళ్ళీ వెతుక్కోవాలి. అప్పుడు ఆ మనిషి గుమ్మంలోకి వస్తే పిల్లకు తెలిసిన మనిషే.

పెట్టె వచ్చింది. చెప్పినవన్నీ చెప్పినట్టే పంపింది ఆ తల్లి. దువ్వెనలన్నీ ఒకే తెలుపు. ఒక్క ఫోటో మాత్రం నా మాట మీరి, పుస్తకమంత పెద్దది పంపింది. మొహాలు బాగా కనబడాలన్నానని కాబోలు. నీలం గళ్ళ గౌను ఆమెది, ముదురు రంగు కోటు ఆయనది.

పెట్టె వకీల్ సాబ్ బల్ల మీదే విప్పారు. సబ్బులు ఆయన దగ్గరికొచ్చిన పెద్దమనుషులు తలా ఒకటి వాసన చూసి, జేబులో వేసుకున్నారు. అది సరే. నేను ఫోటో చేతిలోకి తీసుకున్నాను.

"అది ఈడ పెట్టమ్మా," అన్నాడాయన. "పిల్ల చేతికిస్తే రెండు దినాలల్ల చింపుతది. అద్దం కట్టించి ఆఫీసుల పెడితే పదేండ్లుంటది. మన సంస్థ పేరు ఏడిదాక పోయిందో వచ్చినోళ్ళకు తెలుస్తది."

"వకీల్ సాబ్, గది సంస్థకు రాలే. పిల్లకు వచ్చింది."

"పిల్ల సంస్థది గాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఇంకా ఏదో అన్నాను. ఆయన గొంతు మార్చి, "సుశీలమ్మా, గీ ఫికర్ నీకెందుకు? నువ్వు మందమర్రి పోయి వాళ్ళ చిన్నాయనను తోల్కరా. కోర్టు తారీకు దగ్గరపడ్డది," అన్నాడు. వెళ్ళేముందు సారక్కను ఆఫీసు కిటికీ దగ్గరకు తీసుకుపోయి ఫోటో చూపించాను. వీళ్ళు నిన్ను తీసుకుపోవడానికి వస్తారని చెప్పాను. "ఉంటరా, పోతరా?" అంది. ఉంటరు బిడ్డా, నీతోనే ఉంటరు అన్నాను. చాలాసేపు చూసింది.

వార్షికోత్సవం

మందమర్రిలో అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. బాబాయికి సెలవు దొరకలేదు. దొరికాక భార్య వద్దని ఏడ్చింది. "గంత దూరం పోతే పిల్ల మన మాట మర్చిపోదా?" అని అతను నన్నడిగాడు. మర్చిపోతుందని చెప్పాను. అబద్ధం చెప్పి వేలిముద్ర తెచ్చే పని నేనెప్పుడూ చేయలేదు. "బువ్వకైతే తిప్పలుండదు గద," అని చొక్కా తొడుక్కున్నాడు. మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సులో కరీంనగర్ చేరాం.

ఈలోపు శరణాలయంలో వార్షికోత్సవం అయింది. ఆఫీసు గదిలో ఒక వరుస ఫోటోలు ఉండేవి. వ్యవస్థాపకుడు, పెద్ద దాతలు, అందరూ పోయినవాళ్ళే. రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలు ఆ వరుసకు దండం పెట్టాలి. "వీళ్ళు కాలం చేసిన పుణ్యాత్ములు, వీళ్ళు పెట్టిన తిండే మనం తింటున్నం," అని చెప్పించేవాళ్ళు. వార్షికోత్సవం నాడు ప్రతి ఫోటోకూ కుంకుమ బొట్టు, బంతిపూల దండ. వకీల్ సాబ్ స్వీడన్ దంపతుల ఫోటోకు అద్దం కట్టించి ఆ వరుసలోనే చివర పెట్టించాడు. చప్రాసీ ఎల్లయ్యకు వరుసకు దండలు వేయమని చెప్పారు. ఎల్లయ్య వేశాడు. బొట్లూ పెట్టాడు. ఆఫీసర్లు వచ్చారు, ఉపన్యాసాలిచ్చారు, ఆ వరుస ముందు నిలబడి గ్రూప్ ఫోటో దిగారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడికీ అటు చూడాలనిపించలేదు. పిల్లలందరూ చూశారు.

ఎల్లయ్యను నేనేమీ అనను. చెప్పింది చేయకపోతే అతని ఉద్యోగం పోతుంది. చెప్పేవాడికి చూసే పని ఉంటుంది. వకీల్ సాబ్ చూడలేదు.

గుమ్మంలోకి వచ్చినవాళ్ళు

నేనూ బాబాయీ గేటు దాటేసరికి లోపల నుంచి గోలగా ఏడుపులు. దంపతులు మాకంటే ముందే వచ్చేశారు. వాకిట్లో నిలబడి ఉన్నారు. నీలం గళ్ళ గౌను, ముదురు కోటు. ఎండాకాలం మొదలైనా ఆ కోటు విప్పలేదాయన, నేను రాశాను కదా. పిల్లలంతా వంటగది వెనక్కి పరుగెత్తి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఇంగ్రిడ్ మొహం పాలిపోయి ఉంది. పిల్లలు తమ తెల్లతోలు చూసి భయపడ్డారనుకుందట.

సారక్క సామాన్ల గదిలో బియ్యం బస్తాల వెనక దొరికింది. ఒళ్ళంతా చెమట.

"ఏమైందే బిడ్డా?"

"పెద్దమ్మా, సచ్చిపోయినోళ్ళు వచ్చిన్రు."

"ఎవలు సచ్చిపోయిన్రు?"

"ఫటువలున్నోళ్ళు. ఎల్లయ్య తాత దండలేసిండు. మా బాపుకు గూడ గట్లనే ఏసిన్రు. బాపు మల్ల రాలే. వీళ్ళెట్ల వచ్చిన్రు?"

ఆఫీసులోకి వెళ్ళి చూశాను. వాడిన దండ ఇంకా వేలాడుతోంది. అద్దం మీద ఇద్దరి నుదుటా కుంకుమ. దండ తెంపి వకీల్ సాబ్ బల్ల మీద పడేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో రాయను గానీ, అందుకు ఈనాటికీ విచారం లేదు. ఆయన తలుపు దగ్గరికి వేసి, "మెల్లగ మాట్లాడు. తెల్లోళ్ళ ముంగట సంస్థ ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు. వంటామె ఈలోగా పిల్లకు గాలి సోకిందని, కొండగట్టు అంజన్న దగ్గర దారం కట్టించాలని అందరికీ చెబుతోంది.

నాకొచ్చిన ఇంగ్లీషులో ఇంగ్రిడ్‌కు సంగతి చెప్పాను. మా దేశంలో పోయినవాళ్ళ ఫోటోకు పూలదండ వేస్తారు, మీ ఫోటోకు వేశారు, పిల్ల నమ్మింది అని. ఆమెకు అర్థమైంది. భర్త వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పింది. ఎన్ని రోజుల్లో భయం పోతుందని ఆయన అడిగాడు. నేను వారం అనబోయేలోపు వకీల్ సాబ్ అందుకుని, మొండి పిల్ల, నెలలు పట్టవచ్చు, ఎప్పటికీ పోకపోవచ్చు అని చెప్పాడు. ఇంగ్రిడ్ భర్తకు ఉన్న సెలవు కొద్ది రోజులే.

పిల్ల అట్లా దాక్కుని ఉంటే కోర్టుకు ఎట్లా తీసుకుపోతామని వకీల్ సాబ్ తారీకు వాయిదా వేయించాడు. బాబాయి రెండు రోజులు వాకిట్లో కూర్చుని, డ్యూటీ పోతుందని వెళ్ళిపోయాడు.

ఇంగ్రిడ్ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేది. సారక్క సామాన్ల గది తలుపు సందులోంచి చూసేది. మూడో రోజు నా కొంగు పట్టి లాగి, "పెద్దమ్మా, ఆమె కాళ్ళు ముందలికే ఉన్నయా?" అని అడిగింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని పిల్లలు చెప్పుకుంటారు. ఇంగ్రిడ్‌కు బూట్లు, మేజోళ్ళు. నేను సైగ చేసి విప్పమన్నాను. ఎందుకని అడగకుండా విప్పింది. తెల్లటి పాదాలు గచ్చు మీద పెట్టి, వేళ్ళు కదిలించింది. సారక్క తలుపు దగ్గర నుంచి చూసింది, వంగి చూసింది. నాలుగడుగుల దూరం దాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నానికి పక్కన కూర్చుంది. సాయంత్రానికి ఆ తెల్ల దువ్వెనతో ఇంగ్రిడ్ తన తల దువ్వుతుంటే కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె పాదం మీద తన పాదం పెట్టి కొలుచుకుంది.

అదే రోజు వకీల్ సాబ్ ఆమె భర్తను కోర్టుకు తీసుకుపోయాడు. మా దగ్గర ఏడాదిన్నర పిల్ల ఉండేది, లత అని మేమే పేరు పెట్టాం, బస్టాండులో దొరికింది. ఎవరెత్తుకున్నా నవ్వుతుంది. ఆమెకు బంధువులు లేరు కాబట్టి ఎవరి వేలిముద్రా అక్కర్లేదు. రెండు రోజులుగా ఆ పిల్లను ఆయన ఒళ్ళో కూర్చోబెడుతున్నాడు వకీల్ సాబ్. సాయంత్రం ఇద్దరూ, లతకు ఆ దంపతులే సంరక్షకులని కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో తిరిగొచ్చారు.

ఇద్దరినీ తీసుకుపొమ్మన్నాను. సారక్కకు మళ్ళీ తారీకు పడాలి, బాబాయి మళ్ళీ రావాలి, విమానం ఆగదు అన్నారు. ఇంగ్రిడ్ బాగా ఏడ్చింది. ఆ దంపతులది తప్పు కాదు, పరిస్థితులది అని రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయబుద్ధి కావడం లేదు. వెయ్యి ఊళ్ళు దాటి వచ్చినవాళ్ళు ఇంకో వారం ఉండవచ్చు. ఏడుపుతో పిల్ల కడుపు నిండదు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పార్సిల్ వచ్చినప్పుడు అది ఎవరికి వచ్చిందో వాళ్ళ చేతిలోనే పెట్టండి. చింపితే చింపనివ్వండి. పెద్దవాళ్ళు మిమ్మల్ని కసురుతారు, వినకండి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. వకీల్ సాబ్‌కు తర్వాత అనాథల సేవకని పెద్ద సన్మానం జరిగింది. నేను వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. సారక్కకు చెప్పే ధైర్యం నాకు తప్ప ఎవరికీ లేదని నా మీదే వేశారు. నేను వంటగదిలోకి వెళ్ళి ఆమె నిద్ర లేచేదాకా ఆగుదామనుకున్నాను. అది ఎప్పుడో లేచి, బావి దగ్గర తానే స్నానం చేసి, తడి జుట్టు నున్నగా దువ్వుకుని, గేటు దగ్గర నిలబడి ఉంది. జీపులో లతను ఎత్తుకుని ఇంగ్రిడ్ కూర్చుంది, తల ఎత్తలేదు. జీపు కదిలింది. దుమ్ము తగ్గేదాకా సారక్క అక్కడే నిలబడింది. తర్వాత నా దగ్గరకు నడిచి వచ్చింది.

"నన్నెందుకు తీస్కపోలే పెద్దమ్మా?"

అబద్ధం చెప్పలేదు. "నువ్వు భయపడ్డవని, బిడ్డా."

"ఇప్పుడు భయమైతలేదు గద," అంది. "జర వాళ్ళకు జెప్పు పెద్దమ్మా, ఇప్పుడు నాకు భయమైతలేదని."

జీపు అప్పటికి మానకొండూరు రోడ్డెక్కి ఉంటుంది.